ఒక్క గొంతా, పలు గొంతులా?

కథల పాడ్‌కాస్ట్ కొత్తగా చేసేవాళ్లకు ఒక్క గొంతుతో మొదలుపెట్టమనే చెప్తాను. 2012లో అమెరికాలో మొదలైన 'వెల్‌కమ్ టు నైట్ వేల్' చాలావరకు ఒక ఊరి రేడియో అనౌన్సర్ గొంతే. ఎడారి ఊరంతా ఆయన మాటల్లోనే కనిపిస్తుంది. ఫ్యాన్ ఆపేసి, దుప్పటి కప్పుకుని కూర్చుంటే మనమూ ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు.

2013లో వచ్చిన 'వుల్ఫ్ 359' పలు గొంతుల నాటకం. అంతరిక్ష కేంద్రంలో చిక్కుకున్న మనుషులు వాదించుకుంటుంటే ప్రాణం లేచొస్తుంది. కష్టమూ అక్కడే. ఎవరింట్లో వాళ్లు రికార్డు చేసి పంపితే ఒకరి గొంతు బాత్రూమ్‌లో మోగినట్టు, ఇంకొకరిది పరుపు కింద నొక్కేసినట్టు వస్తుంది. వాటిని కలపడానికే రాత్రులు పోతాయి. అయినా గొడవ సీను రాస్తే మాత్రం ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి.