ఏసీసీ ఎర్రర్ల కోసం స్కానర్: చాన్నాళ్ళు వాడాక నా మాట

డాష్‌లో అడాప్టివ్ క్రూజ్ (ఏసీసీ, అంటే ముందు బండిని రాడార్‌తో చూసి స్పీడ్ తనే సర్దుకునేది) ఎర్రర్ వస్తది, పోతది, మళ్ళీ వస్తది, షోరూమ్‌కి తీసుకెళ్ళిన రోజు మాత్రం రాదు. ఇదే గోల మీకూ ఉంటే చదవండి. అన్ని మాడ్యూల్స్ (కారులో ఒక్కో పనికి ఉండే చిన్న కంప్యూటర్లు) చదివే టాబ్లెట్ టైపు మల్టీబ్రాండ్ స్కానర్ ఒకటి కొని నా కారుకీ, చుట్టాల కార్లకీ, అపార్ట్‌మెంట్‌లో అడిగినోళ్ళకీ వాడుతూనే ఉన్నా.

చవక బ్లూటూత్ డాంగిల్, ఫ్రీ యాప్ పెట్టుకుని ఏసీసీ ఫాల్ట్ పట్టుకుందామంటే కుదరదు. అవి మామూలుగా ఇంజిన్ కోడ్స్ (ఫాల్ట్ నంబర్లు) దగ్గరే ఆగిపోతాయి, రాడార్ మాడ్యూల్‌ని కనీసం పలకరించవు. కోడ్స్ ఏమీ లేవని చూపిస్తది, మనమేమో అంతా బానే ఉందనుకుంటాం.

నా కారు సంగతి చెప్తా. ఔటర్ మీద వెళ్తుంటే ఉన్నట్టుండి క్రూజ్ వదిలేసేది, కాసేపటికి మళ్ళీ పట్టేది. సర్వీస్ సెంటర్‌లో రాడార్ మార్చాలి అన్నారు, ఎస్టిమేట్ చూస్తే కళ్ళు తిరిగాయి. స్కానర్ పెడితే రాడార్‌లో ఒక్క కోడ్ లేదు, ఇంజిన్ మాడ్యూల్ హిస్టరీలో మాత్రం పీ0504 ఉంది, అంటే బ్రేక్ స్విచ్. ఆ స్విచ్‌లో రెండు కాంటాక్ట్స్ ఉంటాయి, ఒకటి కలిస్తే ఇంకోటి విడిపోవాలి, రెండూ పొంతన లేకుండా చెప్తే కంప్యూటర్ కాలు బ్రేక్ మీద ఉందేమో అని క్రూజ్ ఇవ్వదు. లైవ్ డేటాలో రెండు సిగ్నల్సూ గ్రాఫ్ పెట్టి పెడల్‌ని చేత్తో కొద్దిగా కదిపితే ఒకటి మారుతోంది, రెండోది ఆలస్యంగా వస్తోంది. స్విచ్ మార్చాం, అయిపోయింది, రాడార్ జోలికే పోలేదు. ఈ గ్రాఫ్ ఫీచర్ ఒక్కటి చాలు నాకు డబ్బులు గిట్టుబాటు అవడానికి.

కోడ్ వచ్చిన మాడ్యూలే పాడైందనుకోవద్దు. కోడ్ అనేది ఫిర్యాదు మాత్రమే, దొంగ వేరేచోట ఉంటాడు. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే యూ0235 (ముందు రాడార్‌తో మాట తెగింది), యూ0121 (బ్రేకుల కంప్యూటర్ ఏబీఎస్‌తో), యూ0100 (ఇంజిన్ కంప్యూటర్‌తో) అన్నీ ఒకేసారి పడ్డాయంటే రాడార్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఒకే రోజు చచ్చిపోవు కదా, ముందు బ్యాటరీ చూడండి. ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టినప్పుడు మరీ పడిపోతే మాడ్యూల్స్ ఒకదాన్నొకటి వినలేవు. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో (కోడ్ పడ్డ క్షణంలో కారు దాచుకున్న రీడింగ్స్) వోల్టేజ్ ఉంటే అక్కడే దొరికిపోతది. అందుకే కోడ్స్ క్లియర్ చేసే ముందు రిపోర్ట్ సేవ్ చేయండి, క్లియర్ చేస్తే ఆ డేటా కూడా పోతది, చాలామంది మెకానిక్‌లు వచ్చీ రాగానే నొక్కేది ఆ బటనే.

యూ0235 ఒక్కటే, అదీ ఎప్పటికీ పోకుండా ఉంటే అప్పుడు రాడార్ పవర్, ఎర్త్, కనెక్టర్, క్యాన్ వైర్లు (మాడ్యూల్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల జత) చూడాలి. ఇక్కడ స్కానర్ పని అయిపోయింది, మల్టీమీటర్ తీయాలి. బ్యాటరీ విప్పి ఓబీడీ (స్కానర్ పెట్టే సాకెట్) 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే దాదాపు 60 ఓమ్స్ రావాలి (రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి), 120 వస్తే ఎక్కడో తెగినట్టు, సున్నా దగ్గరకొస్తే షార్ట్. గేట్‌వే (సాకెట్‌కీ లోపలి వైర్లకీ మధ్య కాపలా ఉండే మాడ్యూల్) ఉన్న కొత్త కార్లలో మాత్రం ఆ పిన్నులు గేట్‌వే వరకే చూపిస్తాయి, రాడార్ లైన్ దాని కనెక్టర్ దగ్గరే కొలవాలి. మా బావ కారులో ఆ వైర్లే ఎలుకలు కొరికేసాయి. అతుకేసేటప్పుడు రెండు వైర్ల మెలిక విప్పేసి వదిలేయకండి, మళ్ళీ మెలిపెట్టాలి.

అసలు ఫాల్టే కానివి కూడా బోలెడు. రాడార్ "బ్లాక్డ్" అని వస్తే ముందు కిందికి దిగి చూడండి: బురద, క్రోమ్ గార్డ్, లేదా దసరా పూజ చేసి గ్రిల్ మీద వేసిన బంతిపూల దండ! దసరా మర్నాడు నాకు ఫోన్లు ఇవే. దేవుడికి దండం పెట్టుకున్నాక దండ తీసేయండి బాబూ.

దీంతో అవ్వనిది కాలిబ్రేషన్, అంటే రాడార్ చూపుని తిన్నగా సెట్ చేయడం. బంపర్ విప్పి బిగించాక రాడార్ 1 డిగ్రీ పక్కకి తిరిగినా 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు తేడా, అంటే 3.5 మీటర్ల లేన్‌లో సగం, పక్క లేన్ లారీని చూసి మీ కారు బ్రేక్ వేస్తది. మెనూలో ఆప్షన్ ఉంది గానీ చాలా కార్లకి టార్గెట్ బోర్డు, చదునైన నేల, బోలెడు ఖాళీ జాగా కావాలి, ఇంట్లో అయ్యే పని కాదు. మా చుట్టాలాయన బంపర్ పెయింట్ వేయించాక వచ్చిన కోడ్‌ని నేను చదివి పెట్టా, సెట్టింగ్ మాత్రం బయట చేయించుకున్నారు.

బూట్ అవ్వడం మహా నిదానం, కోడ్ వివరణలు ఒక్కోసారి పొడిపొడిగా రెండు ముక్కలే ఉంటాయి, కొన్ని కొత్త కార్లలో చదవనిస్తది గానీ క్లియర్ చేయనివ్వదు. ఒక్క కారు ఉన్నోళ్ళు ఒంటరిగా కొనకండి, ముగ్గురు నలుగురు కలిసి తీసుకోండి. ఫ్రీ అప్‌డేట్స్ గడువు అయిపోయింది, నేను రెన్యూ చేయలేదు, పాత వెర్షన్‌తోనే నా కారు చక్కగా చదువుతోంది, మొన్న పక్క ఫ్లాట్ ఆయన కొత్త మోడల్ తెస్తే మాత్రం లిస్ట్‌లోనే లేదు.