ప్రోబయోటిక్ వేస్తే కాక్సీ మందు అక్కర్లేదంటే నమ్మకండి

గార్లదిన్నె, పామిడి, గుత్తి వైపు సొంతంగా బ్రాయిలర్లు వేసుకునే అన్నదమ్ములందరికీ చెప్తున్నా. ఊరూరా తిరిగి ప్రోబయోటిక్ (పేగుకు మేలు చేసే సూక్ష్మజీవుల పొడి) డబ్బాలు అమ్మేవాళ్లు "ఇది కలిపితే ఇంక ఏ మందూ వద్దు" అన్నారంటే కొనకండి. ఆ మాట నమ్మి ఏప్రిల్ బ్యాచ్‌లో 3,000 పిల్లల్లో 410 పోగొట్టుకున్నా.

నాది కంపెనీ ఇంటిగ్రేషన్ (కంపెనీయే పిల్లల్నీ దాణానీ ఇచ్చి పెంచించేది) కాదు. పిల్లల్ని నేనే తెచ్చుకుంటా, మొక్కజొన్న, సోయా కొని దాణా నేనే ఆడించుకుంటా. కాక్సీ (కాక్సిడియోసిస్, కోడి పేగును పాడుచేసి నెత్తురు రెట్ట తెప్పించే రోగం) రాకుండా దాణాలో ఎప్పుడూ సాలినోమైసిన్ అనే మందు కలిపేవాణ్ణి. ఈసారి ఒకాయన బండి మీద వచ్చి కిలో డబ్బా 1,400 అన్నాడు. "అన్నా, మందుల్లేని కోడికి ఇప్పుడు గిరాకీ. ఇది వేస్తే పేగు గట్టిపడతాది, మాంసం బాగుంటాది, కాక్సీ దగ్గరికే రాదు. ఆ మందు ఖర్చు మిగిలించుకోన్నా" అన్నాడు.

అందులో సగం నిజం. అందుకే మోసపోయినా. మంచి సూక్ష్మజీవులు పిల్ల పేగులో ముందే చోటు పట్టేస్తే చెడ్డవి నిలదొక్కుకోలేవు. ఫిన్లాండ్‌లో నుర్మి, రంటాల అనే శాస్త్రవేత్తలు 1973లోనే ఈ సంగతి చూపించారు: పెద్ద కోడి పేగులోని సూక్ష్మజీవుల్ని పిల్లలకు పట్టిస్తే సాల్మొనెల్లా అనే చెడ్డ బ్యాక్టీరియా సులభంగా అంటుకోలేదు. అంటే ఇది మొదటి రోజు నుంచి ఇచ్చుకునే కాపుదల. రోగం వచ్చినాక ఇచ్చే మందు కాదు. కాక్సీ బ్యాక్టీరియా కూడా కాదు, పేగు గోడలో దూరి పెరిగే పరాన్నజీవి. ప్రోబయోటిక్ పేగుకు ఎంతో కొంత బలం ఇస్తుందేమో గానీ, కాక్సీ మందు చేసే పని చేయదు.

ఎండ 41 డిగ్రీలు దాటింది, నీటి తుంపర్లు చల్లే ఫాగర్లు ఆపకుండా నడిపినాం. కోళ్లు నీళ్లు తాగే డ్రింకర్ల కింద పరిచిన వేరుశనగ పొట్టు తడిసి ముద్దయింది. కాక్సీ గుడ్లకు తడీ వెచ్చదనమూ ఉంటే చాలు. రోజూ పొట్టు తిరగేయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటా. 24వ రోజు పొద్దున రెట్టలో నెత్తురు కనపడింది. సాయంత్రానికి 60 దాకా రెక్కలు వేలాడేసి మూల కూర్చున్నాయి. పొడి అమ్మినాయనకు ఫోన్ చేస్తే "డోసు రెండింతలు చెయ్యన్నా, తగ్గిపోతాది" అన్నాడు. రెండు రోజులు అదే చేసినా. చచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఆ రెండు రోజుల ఆలస్యం వల్లే పోయాయి.

పశువుల డాక్టరు గారు వచ్చి ఒక కోడిని కోసి చూపించారు. పేగు చివర జంటగా ఉండే తిత్తులు రెండూ నెత్తురుతో ఉబ్బిపోయి ఉన్నాయి. ఆంప్రోలియం అనే కాక్సీ మందు నీళ్లలో ఇప్పించారు, తడి పొట్టంతా తీయించారు. పక్క షెడ్డాయన కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్ కూడా వేయమంటే డాక్టరు గారు గట్టిగా వద్దన్నారు. మనుషుల తిండి కోసం పెంచే జీవాలకు దాన్ని వాడకుండా 2019 జూలైలోనే మన దేశంలో నిషేధించారు. అయినా కాక్సీకి దాంతో పనేముంది?

తర్వాత డాక్టరు గారు డబ్బా తిప్పి చూసి "ఇందులో ఏముందో ఎక్కడ రాశారు?" అన్నారు. "మేలైన సూక్ష్మజీవులు" అని ఉంది, అంతే. బాసిల్లస్ సబ్టిలిసా, లాక్టోబాసిల్లసా, గ్రాముకు ఎన్ని కోట్ల జీవులున్నాయి, తయారీ తేదీ ఏది, ఏదీ లేదు. బాసిల్లస్ జాతివి గట్టి పెంకు కట్టుకుని ఎండనూ దాణా వేడినీ తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్ అయితే మన రేకుల కొట్టాల్లో పెడితే చచ్చి ఊరుకుంటాయి. ఇంకో సంగతి, నేను ట్యాంకులో బ్లీచింగ్ వేస్తా. అదే నీళ్లలో ఈ పొడి కలిపినా. క్లోరిన్ ఉన్న నీళ్లలో కలిపితే ప్రోబయోటిక్‌లోని జీవులు చాలావరకు చచ్చిపోవచ్చని డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలీదు. అమ్మినాయన ఆ ఊసే ఎత్తలేదు. యాంటీబయోటిక్ ఇచ్చే రోజుల్లో ఇచ్చినా దండగే.

41వ రోజు లిఫ్టింగ్, అంటే కోళ్లను అమ్మకానికి ఎత్తడం. ఎప్పుడూ రెండు కిలోలు దాటే కోళ్లు సగటున 1,550 గ్రాములు తూగాయి. నెత్తురు పోయి తోలు తెల్లగా పాలిపోయింది. చికెన్ కొట్టాయన చూసి "ఇవి కొట్లో వేలాడదీస్తే ఎవరు కొంటారన్నా" అని కిలోకు 14 తగ్గించాడు. మాంసం బాగుంటుందని కొన్న పొడికి దక్కింది ఇదీ.

పొడి అమ్మినాయన్ని బిల్లు అడిగితే "మన మధ్య బిల్లేందన్నా" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే మొదట అడిగింది బిల్లే. కాబట్టి బిల్లు మీద బ్యాచ్ నంబర్ వేయించుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ప్రోబయోటిక్ వాడొద్దని నేను చెప్పడం లేదు. వచ్చే బ్యాచ్‌కి నేనూ వాడతా, బాసిల్లస్ ఉన్నది, గ్రాముకు ఎన్ని ఉన్నాయో రాసి ఉన్నది, మొదటి రోజు నుంచే, బ్లీచింగ్ లేని నీళ్లలో. దాణాలో సాలినోమైసిన్ మాత్రం ఆపను.

ఖాళీ డబ్బా నా దగ్గరే ఉంది. మీ షెడ్డుకు ఎవరైనా ఇలాంటిది తెస్తే కొనే ముందు లేబుల్ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, డాక్టరు గారికి చూపించి ఆయన ఏమన్నారో రాస్తా.