ఎన్‌హెచ్‌22 లేత్, సీఎన్‌సీ లేత్: రెండింటి మీదా ఏళ్లు పనిచేశాక

ఐటీఐలో టర్నర్ ట్రేడ్ పూర్తిచేసి బాలానగర్‌లో పనికి చేరినప్పుడు నాకు అప్పగించిన మిషన్ హెచ్‌ఎంటీ ఎన్‌హెచ్‌22. లోహపు ముక్కని తిప్పుతూ టూల్‌తో కోసే, చేత్తో నడిపే లేత్ అది. ఇప్పుడు దాని పక్కనే ఫానక్ కంపెనీ కంట్రోల్ ఉన్న సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే లేత్ ఉంది. రెండూ రోజూ వాడుతున్నాం. కొత్తది వచ్చాక పాతది అమ్మేయాలా అని చాలామంది అడుగుతుంటారు. అమ్మొద్దనే నా మాట. ఎందుకో చెప్తాను.

రెండింటికీ ఉన్న తేడా త్రెడ్ (మర) కోసేటప్పుడు బాగా తెలుస్తుంది. ఒకప్పుడు టర్నర్ టూల్‌ని చేత్తోనే పట్టుకుని కోసేవాడు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే టూల్‌ని స్లైడ్ మీద బిగించి, టూల్‌ని జరిపే పొడవాటి లీడ్‌స్క్రూని గేర్లతో, జాబ్‌ని తిప్పే స్పిండిల్‌కి కలిపి, ఒకే పిచ్ (మర గాట్ల మధ్య దూరం) మళ్లీ మళ్లీ వచ్చేలా లేత్ తయారుచేశాడు. ఎన్‌హెచ్‌22 మీద టూల్‌ని లీడ్‌స్క్రూకి తగిలించే హాఫ్‌నట్‌ని నేను వేసిన ప్రతిసారీ జరిగేది అదే. 1952లో అమెరికాలోని ఎంఐటీలో పంచ్ టేపు మీది నంబర్లతో మిల్లింగ్ మిషన్‌ని నడిపి చూపించారు. సీఎన్‌సీకి బీజం అక్కడే పడింది. మా సీఎన్‌సీలో స్పిండిల్‌కీ స్క్రూకీ మధ్య గేర్లే లేవు. స్పిండిల్ ఎంత తిరిగిందో ఎన్‌కోడర్ చెబుతుంది, దాన్ని బట్టి సర్వో మోటార్ టూల్‌ని జరుపుతుంది. ప్రోగ్రాంలో త్రెడ్ కోసే ఆదేశం, జీ76 సైకిల్, రాస్తే చాలు, ఎన్ని కోతలైనా టూల్ అదే గాట్లోకి వచ్చి పడుతుంది.

అమ్మేవాళ్లు స్పీడ్ గురించే చెప్తారు. నాకు మాత్రం అంతకంటే విలువైనది బ్యాక్‌లాష్ (స్క్రూకీ నట్‌కీ మధ్య లూజు) లేకపోవడం. పాత లేత్‌లో టూల్‌ని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ హ్యాండిల్ వెనక్కి తిప్పితే ముందు డయల్ కదులుతుంది, ఆ తర్వాతే టూల్ కదులుతుంది. అందుకే ఎప్పుడూ కాస్త ఎక్కువ వెనక్కి లాగి, మళ్లీ ఒకే వైపు నుంచి సైజుకి రావాలి. సీఎన్‌సీలో ఉండే బాల్‌స్క్రూలో (చిన్న ఉక్కు గుండ్ల మీద నడిచే స్క్రూ) ఆ లూజు దాదాపు ఉండదు. ఈఎన్8 రకం ఉక్కు బుష్‌లు వందల్లో ఆర్డరొస్తే ఇక సీఎన్‌సీకి సాటి లేదు.

అయితే అది సైజు దానంతటదే చూసుకుంటుందని అనుకోకండి. ఇచ్చిన నంబరు దగ్గరికి వెళ్లడమే దాని పని. ఇన్సర్ట్ (టూల్ కొనకి బిగించే కోత ముక్క) అరిగేకొద్దీ బయటి డయా పెరుగుతూ పోతుంది. మైక్రోమీటర్‌తో కొలిచి వేర్ ఆఫ్‌సెట్ (అరుగుదలకి ఇచ్చే సవరణ నంబరు) సరిచేయాల్సింది మనమే. పొద్దున మిషన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చిన సైజు మధ్యాహ్నానికి మారుతుంది. మీటరు పొడవు ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 11, 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది మరి. మేం స్పిండిల్‌ని కాసేపు ఖాళీగా తిప్పాకే మొదటి జాబ్ ఎక్కిస్తాం.

రిపేరు పని విషయానికి వస్తే ఎన్‌హెచ్‌22 నాకు ప్రాణం. బేరింగ్ కూర్చునే చోట అరిగిపోయిన పంప్ షాఫ్ట్ వస్తుంది. వెల్డింగ్‌తో నింపి, నాలుగు దవడలతో (జాలతో) పట్టుకునే ఫోర్ జా చక్‌లో బిగించి, డయల్ గేజ్ (సన్నని తేడాని ముల్లుతో చూపే సాధనం) పెట్టి సెంటర్ చేసి తిప్పాలి. వెల్డింగ్‌లో అక్కడక్కడా గట్టి మచ్చలుంటాయి. టూల్ వాటికి తగిలిన క్షణమే హ్యాండిల్‌లో తెలిసిపోతుంది, ఫీడ్ (టూల్ ముందుకు జరిగే వేగం) తగ్గిస్తాను. సీఎన్‌సీలో తలుపు మూసి, కూలెంట్ కొడుతుంటే మిగిలేది శబ్దం, మోటార్ మీద భారం చూపే లోడ్ మీటర్, అంతే. ఒక్క షాఫ్ట్ కోసం ప్రోగ్రాం రాసి, జాలు మార్చి, టూల్స్ సెట్ చేసేలోపు ఇక్కడ పని అయిపోతుంది. పైగా హ్యాండిల్ మీద ఈ స్పర్శ తెలిసిన కుర్రాడే సీఎన్‌సీ ప్రోగ్రాంలో ఫీడ్ సరిగ్గా రాస్తాడు. కొత్తవాళ్లని ముందు పాత లేత్ మీదే పెట్టమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

సీఎన్‌సీతో నాకున్న పెద్ద బాధ మరొకటి. పండగ సెలవుల్లో మెమరీ బ్యాటరీ అయిపోయి పారామీటర్లన్నీ (మిషన్ సెట్టింగులన్నీ) పోయాయి. సర్వీసు మనిషి వచ్చేదాకా మిషన్ ఆగిపోయింది, డెలివరీ టెన్షన్ అంతా ఇంతా కాదు. బ్యాటరీ అలారం కనిపిస్తే వెంటనే, మిషన్ ఆన్‌లో ఉండగానే మార్చండి. పారామీటర్ల బ్యాకప్ కార్డులో తీసిపెట్టుకోండి. వోల్టేజ్ ఎక్కువతక్కువలుంటే స్టెబిలైజర్, ప్యానెల్‌కి ఏసీ తప్పవు.

సెకండ్‌హ్యాండ్ సీఎన్‌సీ కొనేవాళ్లు పెయింట్ చూసి మోసపోవద్దు. టూల్స్ పట్టుకునే టరెట్‌కి డయల్ గేజ్ ఆనించి, హ్యాండ్‌వీల్‌తో 0.01 మి.మీ. చొప్పున ముందుకీ వెనక్కీ జరిపించి చూడండి. దిశ మార్చినప్పుడు ముల్లు వెంటనే కదలకపోతే బాల్‌స్క్రూ మార్చే ఖర్చు కూడా లెక్కేసుకునే బేరం ఆడండి.