బ్రాడ్‌వే షోకి అమ్మానాన్నల్ని తీసుకెళ్దాం అనుకునేవాళ్ళు టికెట్ కొనేముందు ఇది చదవండి

సమ్మర్ వచ్చిందంటే న్యూజెర్సీలో సగం ఇళ్ళల్లో ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో దిగుతారు, నయాగరా, వాషింగ్టన్, లిబర్టీ స్టాచ్యూ, గుడి అన్నీ అయ్యాక "న్యూయార్క్‌లో ఒక షో కూడా చూపిద్దాం" అంటారు ఎవరో ఒకరు, షో అంటే బ్రాడ్‌వే థియేటర్లలో స్టేజ్ మీద ఆడే నాటకాలు, పాటల నాటకాలు. చూపించండి, నేను వద్దనట్లేదు. కానీ టికెట్లు ఎవరి దగ్గర కొంటున్నారో ఒక్కసారి చూసుకోండి. మాకు నలుగురికీ కలిపి దాదాపు 500 డాలర్లు అదనంగా పోయాయి, పైగా అది మోసం అని గట్టిగా అనడానికి కూడా లేదు, అంతా రూల్ ప్రకారమే జరిగింది. మంట అదే.

మా ఆయన ఫోన్‌లో థియేటర్ పేరు కొట్టి పక్కన టికెట్స్ అని సెర్చ్ చేశారు. అన్నిటికంటే పైన వచ్చిన లింకు అడ్రస్‌లోనే థియేటర్ పేరు ఉంది, లోపలికి వెళ్తే ఆ బిల్డింగ్ ఫోటో, షో పోస్టర్, సీటింగ్ మ్యాప్, ఎవరు చూసినా థియేటర్ వాళ్ళ సొంత సైటే అనుకుంటారు. ఎక్కడో ఒక మూల కనీకనపడని అక్షరాల్లో ఇది రీసేల్ సైట్ (అంటే టికెట్లు మళ్ళీ అమ్మే చోటు), థియేటర్‌తో మాకు సంబంధం లేదు, అసలు ధరకంటే రేటు ఎక్కువ ఉండొచ్చు అని రాసి పెట్టారు. పైన పెద్దగా మాత్రం టైమర్ తిరుగుతుంటుంది, ఈ సీట్లు ఇంకా ఇన్ని నిమిషాలే అని, ఇంతమంది ఇదే షో చూస్తున్నారు అని, మనిషిని కంగారు పెట్టేస్తుంది. మన ఊళ్ళల్లో రిలీజ్ రోజు హాలు బయట బ్లాక్‌లో అమ్మేవాడు నయం, కనీసం బ్లాక్ అని చెప్పి అమ్ముతాడు.

టికెట్ ఒక్కోటి 248 డాలర్లు పడింది. కట్టాక టికెట్లు రాలేదు. షో దగ్గర పడ్డాక మీ ఫోన్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తాం అని ఒక మెయిల్ వచ్చింది అంతే. తర్వాత తెలిసింది ఏంటంటే ఇలాంటి చోట్ల చాలాసార్లు అమ్మేవాడి చేతిలో అప్పటికి టికెట్టే ఉండదట, మన దగ్గర డబ్బు తీసుకున్నాక వాడు వెళ్ళి వెతికి, తక్కువలో దొరికింది కొని మనకి పంపిస్తాడు. అందుకే సీటు నంబర్ ఇవ్వకుండా ఫలానా సెక్షన్ లేదా దానికి సమానమైనది అని రాస్తారు. ఆ "సమానమైనది" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి, మొత్తం మెలిక అక్కడే ఉంది.

షో రోజు మధ్యాహ్నానికి వచ్చాయి టికెట్లు. నాలుగూ ఒకచోట కాదు, రెండు ఒక వరసలో, రెండు దాని వెనక ఇంకో మూల. పైన మెజనైన్‌లో, అంటే పై అంతస్తు సీట్లలో వెనకెక్కడో, ఒక జతకి పార్షియల్ వ్యూ అని రాసి ఉంది, అంటే స్టేజ్‌లో ఒక పక్క కనిపించదు అని. ఈ ముక్క కొన్నప్పుడు స్క్రీన్ మీద ఎక్కడా లేదు. థియేటర్‌కి వెళ్ళాక కౌంటర్లో అడిగితే, మా వెనకాల సీట్లే ఆ రోజు పొద్దున 119 డాలర్లకి ఇచ్చాం అని చెప్పింది ఆవిడ పాపం, మాలాంటి వాళ్ళు రోజూ వస్తారట.

అసలు కష్టం మెట్ల దగ్గర మొదలైంది. ఈ థియేటర్లు చాలావరకు వందేళ్ళ నాటివి, 1900ల నుంచి 1920ల మధ్య కట్టినవి, వాటిల్లో చాలా చోట్ల మెజనైన్‌కి, బాల్కనీకి లిఫ్ట్ లేదు, మెట్లే దారి, పైకెళ్ళాక సీట్ల మధ్య మెట్లు ఇంకా నిటారుగా ఉంటాయి, కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ఆయనది తెనాలి, చిన్నప్పటి నుంచి పద్య నాటకాలు, పరిషత్తు పోటీలు చూసి పెరిగిన మనిషి, స్టేజ్ అంటే ప్రాణం, అందుకే ఆయన కోసమే ఇదంతా. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు, ఇంటర్వెల్‌లో బాత్రూమ్‌కి కూడా దిగలేదు. పాట అయ్యాక జనం చప్పట్లు కొడుతుంటే "ఇక్కడ వన్స్‌మోర్ అనరా" అని అడిగారు, అదొక్కటే నవ్వుకున్నది ఆ రోజు. షో మాత్రం అద్భుతం, అందులో వంక పెట్టడానికి లేదు, కనిపించినంత వరకు.

ఇంటికొచ్చాక క్రెడిట్ కార్డు వాళ్ళకి డిస్ప్యూట్ వేశాం, అంటే ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు. నిలబడలేదు. టికెట్ ఇచ్చారు, మీరు లోపలికి వెళ్ళారు, షో చూశారు, ఇంకేంటి అన్నారు. కొన్నప్పటి పేజీ స్క్రీన్‌షాట్ ఉండుంటే పార్షియల్ వ్యూ సంగతి పట్టుకుని కొంచెం వాదించే వీలుండేదేమో, అది మా దగ్గర లేదు. సైట్‌కి ఫోన్ చేస్తే అన్నీ ఫైనల్ సేల్ అని ఒకటే పాట. ఆ సైట్ పేరు ఎందుకు రాయట్లేదు అంటారేమో, ఒకటి రాస్తే మీరు దాన్ని తప్పించుకుని పక్కదాంట్లో పడతారు, ఇలాంటివి చాలా ఉన్నాయి. గుర్తుపట్టడం నేర్చుకుంటేనే పని జరుగుతుంది.

లా ఏం చెప్తుందో కూడా చూశాను కోపంలో. న్యూయార్క్ రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి ఫీజులన్నీ కలిపిన మొత్తం మొదట్లోనే చూపించాలి, చివరి పేజీలో పెంచకూడదు. 2025 మే నుంచి ఎఫ్‌టీసీ (వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ఫెడరల్ సంస్థ) దేశం మొత్తానికీ అలాంటి రూలే పెట్టింది. మంచిదే, కానీ ఆ మొత్తం ఎంత ఉండాలి అన్నదానికి హద్దు లేదు, న్యూయార్క్‌లో రీసేల్ రేటుకి సీలింగ్ ఎత్తేసి చాలా ఏళ్ళయింది. 119ది 248 అని ముందే చూపిస్తే చాలు, అడిగేవాడు లేడు. థియేటర్ వాళ్ళదే అనిపించేలా యాడ్స్ వేసిన కొందరి మీద 2014లో ఎఫ్‌టీసీ, కనెక్టికట్ రాష్ట్రం కలిసి కేసు వేసి సెటిల్ చేసుకున్నాయి, అయినా ఈ వ్యాపారం ఏం తగ్గలేదు, కనీకనపడని అక్షరాల్లో ఆ ఒక్క లైను వచ్చి చేరింది అంతే.

సరే, మరి ఎక్కడ కొనాలి. బ్రాడ్‌వే థియేటర్లు అంటే మొత్తం 41, 500 సీట్లు అంతకంటే ఎక్కువ ఉన్నవే లెక్క, దాదాపు అన్నీ టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కల సందుల్లోనే. సెర్చ్ చేసినప్పుడు స్పాన్సర్డ్ అని ఉన్నవి ఏవీ నొక్కొద్దు, కిందకి వెళ్ళి షో వాళ్ళ అసలు సైట్ పట్టుకోండి, అందులో టికెట్స్ నొక్కితే అది ఎక్కడికి తీసుకెళ్తే అదే కరెక్ట్ చోటు. ఉదాహరణకి షూబర్ట్ అనే థియేటర్ల సంస్థకి 17 బ్రాడ్‌వే థియేటర్లు ఉన్నాయి, వాటికి టికెట్లు అమ్మే అసలు సైట్ టెలీఛార్జ్. అన్నిటికంటే మంచిది బాక్సాఫీసుకే వెళ్ళి కొనడం, ఆన్‌లైన్ సర్వీస్ ఛార్జీ మిగులుతుంది, పైగా ఎదురుగా మనిషి ఉంటాడు కాబట్టి "మా నాన్నగారు మెట్లు ఎక్కలేరు" అని చెప్తే ఏ సీటు బాగుంటుందో వాళ్ళే చెప్తారు. మన్‌హటన్‌లో జాబ్ చేసేవాళ్ళు మన గ్రూపుల్లో ఎంతమంది లేరు, లంచ్ టైమ్‌లో వెళ్ళి తెచ్చిపెట్టమంటే సరిపోతుంది.

డిస్కౌంట్ కావాలంటే టైమ్స్ స్క్వేర్‌లో 47వ స్ట్రీట్ దగ్గర ఎర్ర మెట్లు ఉంటాయి కదా, అందరూ ఫోటోలు దిగేచోటు, ఆ మెట్ల కిందే టీకేటీఎస్ బూత్, 1973 నుంచి ఉంది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది, ఆ రోజు షోలకి 20 నుంచి 50 శాతం దాకా తగ్గింపు ఉంటుంది. బాగా ఆడే షోలు అక్కడ దొరక్కపోవచ్చు, ఏది దొరికితే అది చూద్దాం అనుకునేవాళ్ళకి అదే బెస్ట్. క్యూలో ఉన్నప్పుడు చేతిలో కాగితాలు పట్టుకుని "మా దగ్గర ఇంకా తక్కువ" అని వచ్చేవాళ్ళని పట్టించుకోవద్దు. చాలా షోలకి రోజువారీ లాటరీ, రష్ టికెట్లు (అదే రోజు ముందొచ్చినవాళ్ళకి ఇచ్చేవి) కూడా ఉంటాయి, చాలా తక్కువకి వస్తాయి, కానీ పెద్దవాళ్ళతో ప్లాన్ చేసుకుని వెళ్ళేటప్పుడు దాని మీద ఆధారపడలేం. ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో ఒకసారి, సెప్టెంబర్ ప్రాంతంలో ఒకసారి బ్రాడ్‌వే వీక్ అని ఒకటి కొంటే ఒకటి ఫ్రీ పెడతారు, అత్తమామలు ఆ టైమ్‌కి ఉంటే వదలొద్దు.

పెద్దవాళ్ళకైతే ఆర్కెస్ట్రా అంటే కింద ఫ్లోర్ సీట్లే తీసుకోండి, వెనక వరస అయినా ఫర్వాలేదు. సోమవారం చాలా షోలు ఉండవు. మ్యాట్నీలు ఎక్కువగా బుధవారం, శనివారం, ఆదివారం, ఎడిసన్ నుంచి ట్రైన్‌లో పెన్ స్టేషన్‌కి వెళ్ళి చూసేసి చీకటి పడేలోపు ఇంటికి వచ్చేయొచ్చు. నాలుగేళ్ళలోపు పిల్లల్ని చాలా థియేటర్లలో రానివ్వరు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం అన్నా సరే, ఎంత చిన్నవాళ్ళకైనా టికెట్ ఉండాల్సిందే.

టైమ్స్ స్క్వేర్‌లో దిగాక ఇంకో గోల. "కామెడీ షో, ఈ రాత్రికే, టీవీలో వచ్చే ఫలానా ఆయన వస్తున్నాడు" అని టికెట్లు అమ్ముతూ వెంటపడతారు, మా ఆయన కొలీగ్ అలా కొంటే లోపల ఆ ఫలానా ఆయన లేడు, మనిషికి రెండు డ్రింకులు తప్పనిసరి అని బిల్లు మాత్రం వచ్చింది. ఈ రెండు డ్రింకుల రూల్ పేరున్న క్లబ్బుల్లో కూడా ఉంటుంది, అది తప్పు కాదు, ముందే అడిగి తెలుసుకోవాలి అంతే. బొమ్మల వేషాలు వేసుకున్నవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కుని ఫోటో దిగాక డబ్బులు అడుగుతారు. షో వదిలే టైమ్‌కి సైకిల్ రిక్షాలు వరసగా నిలబడి ఉంటాయి, మన రిక్షా కదా అని అమ్మ సరదాపడింది, వాటికి రేటు నిమిషానికి, ట్రాఫిక్‌లో ఆగినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది, రేట్ కార్డు బండి మీద కనిపించాలి, అది చదవకుండా ఎక్కితే పది బ్లాకులకి వంద డాలర్లు దాటినా ఆశ్చర్యపోవద్దు.

ఇప్పటికే అలాంటి సైట్లో కొనేసినవాళ్ళు ఉంటే, ముందు కొన్న పేజీ, మెయిల్, సీటు వివరాలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. టికెట్ పీడీఎఫ్‌లా కాకుండా ఆ థియేటర్ అసలు టికెట్ యాప్‌లోకే ట్రాన్స్‌ఫర్ చెయ్యమని అడగండి, పీడీఎఫ్ అయితే అదే కాపీ ఇంకెవరికైనా అమ్మి ఉండొచ్చు. షో రోజు గంట ముందే వెళ్ళండి, లోపలికి అడుగు పెట్టకముందే, చెప్పిన సెక్షన్ వేరు వచ్చిన సీట్లు వేరు అయితే కౌంటర్ దగ్గర నిలబడి అక్కడినుంచే సైట్‌కి ఫోన్ చెయ్యండి. స్కాన్ అయ్యాక మీ మాట ఎవరూ వినరు.