చెట్టు కొమ్మలు కొట్టించేవాళ్లు జాగ్రత్త: సేఫ్టీ గ్యారంటీ అన్నారు, నడుముకు ప్లాస్టిక్ తాడు కట్టి పిల్లాణ్ణి ఎక్కించారు

నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. హైదరాబాద్‌లో కాలనీ గేట్లకు ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించి వెళ్తారే, ప్రొఫెషనల్ ట్రీ కటింగ్ అని, వాళ్ల గురించే. వానలు పడేలోపు వేపచెట్టు కొమ్మలు కొట్టించాలని పిలిచాను. 9,000కు మాట్లాడి 5,000 అడ్వాన్స్ పంపేశాను.

ఇద్దరు వచ్చారు. పెద్దాయన కింద నిలబడ్డాడు. ఎక్కింది ఇరవై ఏళ్లు కూడా ఉండని కుర్రాడు. కాళ్లకు బూట్లు లేవు, తలకు హెల్మెట్ లేదు. నడుముకు నీలం రంగు ప్లాస్టిక్ తాడు, బావిలో బకెట్‌కు కట్టే లాంటిది. 'బెల్టు ఏదీ తమ్ముడూ?' అంటే 'ఏం కాదక్కా, అలవాటే' అన్నాడు. అక్కడే పని ఆపించాల్సింది. ఆపకుండా మజ్జిగ కలపడానికి లోపలికి వెళ్లాను. ఆ తప్పు నాదే.

గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చేసరికి ఒక చేత్తో పై కొమ్మ పట్టుకుని, రెండో చేత్తో రంపం మెషిన్ నడుపుతున్నాడు. నడుము తాడు రెండో కొస ఏ కొమ్మను కోస్తున్నాడో ఆ కొమ్మకే కట్టి ఉంది! నేను అరిచేలోపే కొమ్మ విరిగింది. లావు కొమ్మను ముందు కింది వైపు కొంత కోసి, తర్వాత పైనుంచి కోయాలి. వీళ్లు నేరుగా పైనుంచే కోశారు. సగం తెగగానే బరువుకు చీలి, మాను బెరడు మూరెడు ఊడదీసుకుంటూ పడింది. తాడు కుర్రాణ్ణి లాగింది. ముడి ఊడిపోబట్టి బతికాడు. ముంజేయి చీరుకుపోయింది. మా సర్వీస్ వైరు తెగింది, పక్కింటి వాళ్ల సిమెంటు రేకులు పగిలాయి.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. 'వాడి సంగతి మేం చూసుకుంటాం మేడమ్, మీరు బ్యాలెన్స్ 4,000 కొట్టండి' అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాలి కదా అంటే, 'ఇంత దెబ్బకు ఆసుపత్రి ఏంటి, వాళ్లకు ఇవన్నీ మామూలే' అని పెట్టేశాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆ పిల్లాడు చేతికి చొక్కా చుట్టుకుని మా మెట్ల మీదే కూర్చుని అంతా విన్నాడు. తల కూడా ఎత్తలేదు. నా డబ్బులు పోయిన బాధ కన్నా అదే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

మేమే ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఏడు కుట్లు పడ్డాయి. మా తమ్ముడు బిల్డింగ్ సైట్లలో సేఫ్టీ పని చూస్తాడు. ఆ తాడు చూసి, పడుంటే నడుము విరిగేది అక్కా అన్నాడు. ఫుల్ బాడీ హార్నెస్ (ఒళ్లంతా పట్టి ఉంచే బెల్టు) అయితే తొడలు, ఛాతీ, భుజాలు కలిసి బరువు ఆపుతాయట. దానికి ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 3521, హెల్మెట్‌కు ఐఎస్ 2925 నంబరు ఉండాలి. రంపంతో పనిచేసేటప్పుడు ఒక్క తాడును నమ్ముకోకూడదు, మెషిన్ తగిలితే తెగిపోతుంది.

పిలిచే ముందు హార్నెస్, హెల్మెట్ చూపించమనండి. పనివాళ్లకు ఇన్సూరెన్స్ ఉందో లేదో అడగండి. వైర్లు దగ్గరగా ఉంటే కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి, లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే ఎక్కనివ్వండి. చెట్టు మొత్తం కొట్టించాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి. అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.

ఇంకో రెండు కొమ్మలు సగం కోసినవి అలాగే వేలాడుతున్నాయి, కింద పిల్లలు తిరుగుతున్నారని తాడు కట్టి దారి మూసేశాం. హార్నెస్ వేసుకుని పనిచేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.