టమియా 1/350 ఎంటర్‌ప్రైజ్ కిట్: పెట్టెలో ఉన్న నౌక, లేని నౌక

అణుశక్తితో నడిచిన తొలి విమానవాహక నౌక, అమెరికాకు చెందిన యూఎస్ఎస్ ఎంటర్‌ప్రైజ్‌ను టమియా సంస్థ 1/350 స్కేలులో, అంటే అసలు పరిమాణంలో 350వ వంతుగా, ప్లాస్టిక్ కిట్‌గా అమ్ముతోంది. అచ్చులు 1980ల నాటివే అయినా భాగాలు ఒకదానిలో ఒకటి ఇమిడే తీరుకు వంక పెట్టడం కష్టం. అసలు నౌక పొడవు 342 మీటర్లు కాబట్టి మోడల్ దాదాపు 98 సెంటీమీటర్లు వస్తుంది. మామూలు షోకేసు అరలో పట్టదు. కొనేముందు ధర కంటే ముందు చోటు చూసుకోవాలి. రంగులు, జిగురు విడిగా తెచ్చుకోవాలి.

నౌక అడుగున నాలుగు ప్రొపెల్లర్లు, నాలుగు చుక్కానులు అమర్చాలి. అసలు నౌకలో ఎనిమిది అణు రియాక్టర్లు, ప్రొపెల్లర్‌ను తిప్పే ఒక్కో షాఫ్టుకు రెండు చొప్పున పనిచేసేవి. తర్వాత వచ్చిన నిమిట్జ్ తరగతి విమానవాహక నౌకల్లో ఒక్కో నౌకకు రెండే రియాక్టర్లు సరిపోయాయి. పొగగొట్టంతో పని లేదు గనుకనే డెక్ మీది ఐలాండ్, అంటే నౌకను నడిపించే గదులు, రాడార్లు ఉండే కట్టడం, అంత చిన్నదిగా ఉంటుంది.

నాకు అసలు పేచీ వచ్చింది ఈ ఐలాండ్ దగ్గరే. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధం చివరి రోజుల్లో, అమెరికా నౌకాదళ బృందం టాస్క్ ఫోర్స్ 74కు నాయకత్వం వహిస్తూ బంగాళాఖాతంలోకి వచ్చిన నౌక ఇదే. అదే నెల మొదట్లో విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన సంగతి తెలిసిన మనలాంటి వారికి ఎంటర్‌ప్రైజ్ అంటే ముందు ఆ రోజులే గుర్తొస్తాయి, కట్టాలనిపించేదీ ఆ నౌకనే. కానీ పెట్టెలో ఉన్నది 1979–82 మధ్య జరిగిన పెద్ద మరమ్మత్తు తర్వాతి రూపం. 1971లో ఐలాండ్ నాలుగు ముఖాలకూ పలకల్లాంటి స్థిర రాడార్లు, పైన తేనెతుట్టెను పోలిన గోపురం ఉండేవి. ఆ మరమ్మత్తులో వాటిని తీసేశారు, దూసుకొచ్చే క్షిపణులను దగ్గర్లోనే కూల్చే ఫాలాంక్స్ తుపాకులు చేర్చారు. డెక్ మీద నిలపడానికి ఇచ్చిన ఎఫ్-14 టామ్‌క్యాట్ యుద్ధవిమానాలు కూడా ఈ నౌకపై సముద్రయానానికి బయలుదేరింది 1974లోనే. 1971లో ఆ స్థానంలో ఉన్నవి ఎఫ్-4 ఫాంటమ్ యుద్ధవిమానాలు. అందుచేత బంగాళాఖాతం నాటి నౌక కావాలనుకునేవారు ఐలాండ్‌ను రెసిన్‌తో పోతపోసిన భాగంగానో, 3డి ప్రింట్‌లోనో విడిగా సంపాదించాలి, లేదా ప్లాస్టిక్ షీటు కోసి సొంతంగా కట్టుకోవాలి. ఫాంటమ్‌లను వేరే పెట్టె నుంచి తెచ్చుకోవాలి. కిట్‌లోని ఏ-6, ఏ-7 దాడి విమానాలు మాత్రం రెండు కాలాలకూ పనికొస్తాయి.

ఏ కాలం నౌకను కట్టినా ఇత్తడి ఫోటో ఎచ్ రేకులు, అంటే రసాయనంతో సన్నగా చెక్కిన భాగాలున్న పలుచని రేకులు, తప్పవని నా అభిప్రాయం. మీటరు ఎత్తు రెయిలింగ్ ఈ స్కేలులో మూడు మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది, దాని కడ్డీ 0.1 మిల్లీమీటరు కంటే సన్నం కావాలి. అంత సన్నగా ప్లాస్టిక్‌ను అచ్చుపోయడం కుదరదు. రాడార్ జాలీల సంగతీ అంతే. టామ్‌క్యాట్ ఐదున్నర సెంటీమీటర్లు ఉంటుంది, దాని పక్కన నిలబెట్టే మనిషి అర సెంటీమీటరు. ఇంత చిన్న లెక్కల మధ్య లావుపాటి ప్లాస్టిక్ యాంటెనా ఒక్కటి ఉన్నా నౌక మొత్తం బొమ్మలా కనిపిస్తుంది. నేను ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర తెప్పించిన రేకు, వెనుక అట్ట లేకుండా పలుచని కవర్లో వచ్చి మధ్యకు వంగిపోయింది. గాజుపలక మీద పెట్టి స్టీలు స్కేలుతో ఒత్తితే చాలావరకు సరైంది గానీ, రెయిలింగ్ వరుస ఒకటి పారేయాల్సి వచ్చింది. ఆర్డరు పెట్టేటప్పుడే గట్టి అట్ట వేసి పంపమని రాయడం మేలు.

విడిభాగాల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. అసలు ఎంటర్‌ప్రైజ్ 2012 డిసెంబరులో విధుల నుంచి తప్పుకొని, 2017 ఫిబ్రవరిలో అధికారికంగా నౌకాదళ జాబితా నుంచి వైదొలిగింది. దాని లంగరు ఒకటి అబ్రహాం లింకన్ అనే మరో అమెరికా విమానవాహక నౌకకు చేరింది. లంగర్లు అతికిస్తున్నప్పుడు ఈ సంగతి నాకు సరదాగా అనిపించింది.

1980ల నాటి నౌకతో తృప్తిపడేవారు ఈ కిట్‌ను, ఒక రెయిలింగ్ సెట్‌ను కొంటే చాలు. 1971 నాటిది కావలసినవారు ముందు ఆ ఐలాండ్ దొరికిందో లేదో చూసుకుని, అది చేతికి వచ్చాకే పెద్ద పెట్టెకు డబ్బు కట్టాలి.