వెనక సీట్లో ఒలికిన మజ్జిగ: హైబ్రిడ్ కారుతో మూడేళ్లు

2023 జనవరిలో కొన్న మా పెట్రోలు హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్న కారు, ఇప్పటికి 61,000 కిలోమీటర్లు తిరిగింది. అందులో సగానికి పైగా హైదరాబాదు ట్రాఫిక్‌లోనే. మైలేజీ గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. ఊళ్లో లీటరుకు 22 దాకా వస్తోంది, హైవే మీద వంద దాటించి నడిపితే 18కి అటూ ఇటూగా దిగుతుంది. మామూలు కార్లు ఆగి ఆగి నడిచేచోట పెట్రోలు ఎక్కువ తాగుతాయి కానీ కాసేపు మోటారు ఒక్కదానితోనే నడవగల మా కారు లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్ అక్కడే పొదుపు చూపిస్తుంది, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు వృథాగా పోవలసిన శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరి, మళ్లీ కదిలేటప్పుడు మోటారును తిప్పుతుంది. ఇంజను, సస్పెన్షన్ల గురించి చాలామంది రాశారు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. నేను రాయదలచుకున్నది షోరూములో ఎవరూ చూపించని ఒక చిన్న జాలీ గురించి, దాని మీద ఒలికిన అర లీటరు మజ్జిగ గురించి, ఆ నష్టం ఎవరి ఖాతాలో పడాలన్న దానిపై నాలుగు నెలలు సాగిన ఉత్తర ప్రత్యుత్తరాల గురించి.

ఆ జాలీ వెనక సీటు పక్కన, కూర్చున్నవారి తొడకు కాస్త కిందుగా ఉంటుంది. చూసేవారికి అది ఏసీ గాలి వచ్చే రంధ్రంలా కనిపిస్తుంది, కానీ అది గాలిని లోపలికి పీల్చుకునే దారి. హైబ్రిడ్ బ్యాటరీ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీతో పోలిస్తే చాలా చిన్నది, అయినా నిమిష నిమిషానికీ నిండుతూ ఖాళీ అవుతూ ఉండడం వల్ల వేడెక్కుతుంది. పెద్ద ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి ఆ వేడిని తగ్గించడానికి ద్రవం తిరిగే గొట్టాలుంటే, చాలా హైబ్రిడ్ కార్లలో ఒక ఫ్యాను కారు లోపలి చల్లగాలినే లాగి సెల్‌ల మధ్యగా పంపుతుంది. ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన ప్రియస్ కారు రెండో తరంలోనూ 201.6 వోల్టుల బ్యాటరీకి గాలి వెనక సీటు పక్క నుంచే వెళ్లేది. ఇన్నేళ్లుగా నడుస్తున్న పద్ధతి కాబట్టి దాన్ని పనికిరానిదని నేను అనను. మనుషులు తినే, తాగే చోటికి జానెడు దూరంలో దాన్ని పెట్టినప్పుడు ఆ మాట కొనేవాడికి నోటితో చెప్పాలి కదా అన్నదే నా బాధ.

2025 మే నెలలో విజయవాడ నుంచి తిరిగి వస్తూ సూర్యాపేట దాటాక, ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగడంతో నేను గట్టిగా బ్రేకు వేశాను. వెనక సీట్లో అత్తయ్య పక్కన పెట్టుకున్న మజ్జిగ సీసా మూత సరిగ్గా బిగించి లేదు. ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగంతా సీటు అంచు మీదుగా ఆ జాలీలోకి కారిపోయింది. "అయ్యో నాయనా, నా వల్లే" అని ఆమె కొంగుతో తుడుస్తుంటే, ఏం ఫరవాలేదని చెప్పి కారు పక్కకు ఆపి, వాసన రాకూడదని అదే చోట మరో గ్లాసుడు మంచినీళ్లు పోసి తుడిచింది నేనే. ఉప్పు కలిసిన నీళ్లు కరెంటును బాగా ప్రవహింపజేస్తాయి, లోహాన్ని తుప్పు పట్టిస్తాయి. ఆ గ్లాసుడు నీళ్లతో మజ్జిగను నేను ఇంకా లోపలికి తోశానన్న సంగతి తర్వాత మెకానిక్ చెబితే గానీ తెలియలేదు.

పదకొండు రోజులు కారు మామూలుగానే తిరిగింది. పన్నెండో రోజు తెర మీద హైబ్రిడ్ వ్యవస్థను పరీక్ష చేయించమన్న హెచ్చరిక వచ్చి, వేగం తగ్గిపోయింది. సర్వీసు సెంటరులో టెక్నీషియన్ రబ్బరు తొడుగులు వేసుకుని, బ్యాటరీ కరెంటును తెంచే సర్వీసు ప్లగ్ తీసి, ఎక్కువ వోల్టేజీ పారే నారింజ రంగు వైర్లను ముట్టుకునే ముందు పది నిమిషాలు ఆగాడు. ఇంట్లో మనం విప్పి చూసుకోదగ్గ పని కాదని అప్పుడే అర్థమైంది. లోపల ఫిల్టరు పెరుగు తరకలతో మూసుకుపోయి ఉంది, ఫ్యాను మోటారు తుప్పు పట్టింది, రెండు మూడు కనెక్షన్ల మీద పచ్చటి పొక్కు కట్టింది. మొదట బ్యాటరీ మొత్తం మార్చాలన్నారు, దానికి లక్షల్లో లెక్క చెప్పారు. బ్యాటరీలోని ఒక్కొక్క బ్లాకు, అంటే సెల్‌ల గుంపు, వోల్టేజీ విడివిడిగా కొలిచి చూపించమని నేను పట్టుబడితే, సెల్‌లన్నీ బాగానే ఉన్నాయని తేలింది. చివరికి ఫ్యాను, సెన్సరు, వైరింగు, శుభ్రం చేసిన కూలితో కలిపి బిల్లు 46,200 రూపాయలైంది.

అసలు కథ జాబ్ కార్డులో, అంటే బండికి వచ్చిన ఇబ్బందీ చేయాల్సిన పనీ రాసుకునే కాగితంలో మొదలైంది. సర్వీసు అడ్వైజర్ దాని మీద "హైబ్రిడ్ బ్యాటరీ ఫాల్ట్" అని మూడు ముక్కలు రాశాడు, నేను చదవకుండా సంతకం పెట్టాను. మన దేశంలో అమ్ముడుపోతున్న స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లలో చాలావాటి బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, నాదీ అంతే. అయితే వారంటీ కాపాడేది తయారీలో, సామగ్రిలో ఉన్న లోపం నుంచి మాత్రమే, బయటి నుంచి పడిన ద్రవం అందులోకి రాదు. కంపెనీ కాదంది. ఆ జవాబుతో నాకు పేచీ లేదు, ఒలకబోసింది మేమే.

బీమా కంపెనీ కూడా కాదనడంతోనే ఇబ్బంది వచ్చింది. ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీల్లో మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు పరిహారం ఉండదని స్పష్టంగా ఉంటుంది, జాబ్ కార్డులోని ఆ మూడు ముక్కలు దానికి సరిగ్గా అతికాయి. అదే పాలసీలో, బాహ్య కారణంతో ప్రమాదవశాత్తూ జరిగిన నష్టానికి పరిహారం ఉంటుందన్న మాట కూడా ఉంది. మజ్జిగ ఒలకడం కారణం, ఫ్యాను ఆగడం ఫలితం అని, బాహ్యం అంటే కారు తలుపు బయట అని కాక ఆ యంత్రానికి బయట అని అర్థం చేసుకోవాలని వివరిస్తూ ఉత్తరం రాశాను. ఒలికిన తేదీ, చోటు, టెక్నీషియన్ చూసిన తరకల ఫోటోలతో జాబ్ కార్డును సరిచేయించి జతపరిచాను. నష్టం అంచనా వేయడానికి బీమా తరఫున రెండోసారి వచ్చిన సర్వేయర్ ఫిల్టరును వాసన చూసి మరీ ఒప్పుకున్నారు. 31,500 రూపాయలు ఇచ్చారు. శుభ్రం చేసిన కూలి 9,080, ప్రతి క్లెయిములోనూ మనమే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 1,000, ప్రమాదం సంగతి ఆలస్యంగా తెలిపినందుకు 4,620 రూపాయలు కోశారు. ఆ చివరి కోత న్యాయమే, ఒలికిన రోజే ఒక ఫోను చేసి ఉండవలసింది. భాగాల పాతదనానికి తరుగు కోయకుండా చూసే జీరో డిప్రిసియేషన్ తీసుకుని ఉండకపోతే ప్లాస్టిక్, బ్యాటరీ భాగాలకు సగం ధరే లెక్కగట్టేవారు.

మధ్యలో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఒక మిత్రుడు పోరు పెట్టాడు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ప్రొడక్ట్ లయబిలిటీ, అంటే వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత మీద ప్రత్యేక అధ్యాయం ఉంది, సరైన హెచ్చరిక ఇవ్వకపోవడమూ తయారీదారు బాధ్యతేనని 84వ సెక్షన్ అంటుంది. కానీ అదే చట్టం హాని అన్న మాటకు నిర్వచనం ఇస్తూ, ఆ వస్తువుకే జరిగిన నష్టాన్ని అందులోంచి తీసేసింది. షాక్ కొట్టి మనిషికి గాయమైతే ఆ దారి తెరుచుకుంటుంది, కారు ఫ్యాను పాడైతే తెరుచుకోదు. అప్పుడు మిగిలేది వస్తువులో లోపం, సేవలో లోపం అన్న మామూలు ఫిర్యాదే. ఇక మాన్యువల్‌లో ఆ జాలీలోకి నీళ్లు పోనివ్వవద్దన్న హెచ్చరిక ఉండనే ఉంది, వందల పేజీల మధ్య ఎక్కడో. బీమా వాళ్లు మళ్లీ కాదంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయాలనుకుని కాగితాలు సిద్ధం చేసుకున్నాను. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. ఆ అవసరం రాలేదు.

తప్పు పంచమంటే, మూత బిగించకపోవడం, ఆ మీదట నీళ్లు పోయడం, పదకొండు రోజులు ఊరుకోవడం మావి. సన్‌రూఫ్ గురించి పావుగంట చెప్పి ఈ జాలీ గురించి ఒక్క మాట చెప్పకపోవడం అమ్మినవారిది. దానికి ఒక చిన్న అంచో, కింద నీరు జారిపోయే దారో పెట్టకపోవడం కారు నమూనా గీసినవారిది. అద్దెకు తిప్పే హైబ్రిడ్ బండ్ల సంగతే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది, ఎందుకంటే అక్కడ ఒలకబోసిన ప్రయాణికుడు దిగి వెళ్లిపోతాడు, బిల్లు డ్రైవరు నెల సంపాదన మీద పడుతుంది.

ఇప్పుడు కారు బాగానే నడుస్తోంది. ప్రతి 10,000 కిలోమీటర్లకూ ఆ ఫిల్టరు తీయించి చూస్తున్నాను. జాబ్ కార్డు చదవకుండా సంతకం పెట్టడం లేదు. అత్తయ్య మాత్రం ప్రయాణం అనగానే మజ్జిగ సీసాను డిక్కీలో పెట్టించేస్తున్నారు. బ్యాటరీకి డిక్కీ కూడా అంత దూరమేమీ కాదని నేనింకా ఆమెకు చెప్పలేదు.